ఎన్ని భాషలు చాలును?

ధ్యాన భాగములు: రోమీయులకు 1:14, 1 కొరింథీయులకు 14వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయము



గడచిన నెలలో ఒక ఆదివారమున ఆరాధన ముగిసి అందరును వెళ్లిపోయిన తరువాత, మన సంఘములోని ఒక యౌవనురాలు తన తండ్రితో కూడ మా యింటి అరుగుమీద కూర్చుండి నన్నొక ప్రశ్న అడిగెను. ఆమె నర్సింగు చదువు ముగించినది. తండ్రి ముప్పది యేండ్లు బొగ్గు బాయిలో దిగి పని చేసి, మొన్ననే రిటైరైనవాడు. జర్మనీ దేశములో నర్సులు కావలెనని తెలిసి ఆమె హైదరాబాదులో జర్మను భాష నేర్చుకొనుచున్నది. సగము దారి నడిచినది. ఇంతలో ఎవరో ఆమెతో, జపాను భాష నేర్చినయెడల ఇంకను త్వరగా పని దొరకునని చెప్పిరి. ఇంటిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, బజారులో హిందీ, ఇప్పుడు జర్మను, రేపు జపాను. తండ్రి రిటైర్మెంటు సొమ్ములో కొంత ఇదివరకే ఫీజులకును హాస్టలుకును పోయినది.

"అయ్యగారూ, ఇంక ఎన్ని నేర్చుకోవాలె? ఎన్నొస్తే చాలు?" అని ఆమె అడిగెను.

నేను ఏమియు ఆలోచింపక, "బిడ్డా, కన్నతల్లి భాష ఒకటి, బతుకుదెరువు భాష ఒకటి. రెండు చాలు" అని చెప్పి, ప్రార్థన చేసి పంపివేసితిని. తండ్రి సంతోషించెను, ఎందుకనగా ఆయనకు ఖర్చు తగ్గిన జవాబు దొరికినది. బిడ్డ ముఖము మాత్రము వచ్చినప్పుడు ఎట్లున్నదో వెళ్లునప్పుడును అట్లే యుండెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పినది తప్పని కాదు. ఆ జవాబు నా నోట అంత సులువుగా ఎట్లు వచ్చెనని నన్ను నేనే అడుగుకొంటిని. రెండు చాలునని చెప్పిన నేను ఎన్ని నేర్చితిని? నా లెక్క మీ యెదుట పెట్టెదను. తెలుగు పుట్టుకతో వచ్చినది. హిందీ ఈ బొగ్గు గనుల ఊళ్లలో పెరిగినవారికి ఎవరును నేర్పనక్కరలేదు. ఇంగ్లీషు కాలేజీలో నేర్చితిని. సెమినరీలో గ్రీకు రెండేండ్లు, హెబ్రీ ఒక ఏడు చదివితిని. పరీక్షలలో మంచి మార్కులే వచ్చినవి. నేడు నాయొద్ద మిగిలినది ఆ రెండు భాషల అక్షరమాలలును, కొన్ని క్రియాపదములును, అల్మారాలో ఎలుకలు అంచులు కొరికిన గ్రీకు నిబంధనయు మాత్రమే. అయినను ప్రసంగము మధ్యను "గ్రీకు మూలములో ఈ మాటకు" అని నేను ఆరంభించినప్పుడు మీలో కొందరు తలలూపుదురు. ఇప్పుడు ఒప్పుకొనవలసిన మాట యొకటి కలదు. ఆ గ్రీకు మాట చాలసార్లు ఇంగ్లీషు వ్యాఖ్యానములో నుండి నేను ఎత్తుకొనినదే. దానిలో అబద్ధము లేదు గాని, అది నా పొలములో పండిన గింజ కాదు.

నిద్ర పట్టకుండుటకు మరియొక కారణము కలదు. అది నాలుగేండ్ల క్రిందటి సంగతి.

ఈ ప్రాంతములోని ఒక ఆస్పత్రికి తిర్యాణి వైపు అడవి పల్లె నుండి ఒక గోండు తల్లి తన కుమారుని తీసికొనివచ్చెను. కుమారునికి జ్వరము తలకెక్కి స్పృహ లేదు. తల్లి రెండు దినములనుండి నేలమీదనే కూర్చుండి ఏమియు తినక, ఎవరితోను మాటాడక యుండెనని, మన సంఘపు సహోదరి యొకతె నాకు కబురు పంపెను. నేను వెళ్లితిని. ఆమె యెదుట నిలిచి, నాకు తెలిసిన మంచి తెలుగులో దీర్ఘముగా ప్రార్థించితిని. ఆమె నా ముఖము చూచెను, తరువాత నా చేతిలోని పుస్తకము చూచెను. పెద్ద మనుష్యుడు వచ్చెను గనుక లేచి నిలువవలెనేమో అనుకొనినట్లు సగము లేచెను. అంతే. నేను చెప్పినదానిలో ఒక్క మాటయైనను ఆమెకు చేరినదని నేను చెప్పలేను.

అప్పుడు ఆ వార్డులోని ఆయా, కొలాం జనములోనిది, చేతిలో చెంబుతో వచ్చి ఆమె ప్రక్కను గొంతు కూర్చుండి రెండు మూడు మాటలు అనెను. వాటిలో ఒక్క మాట నా చెవికి ఆనినది. "ఏర్" అని. మన "ఏరు" వలెనే వినబడినందున అది నాకు జ్ఞాపకముండిపోయెను. గోండి భాషలో నీళ్లకు ఆ మాటేనట. ఆ తల్లి చెంబు పుచ్చుకొని త్రాగెను. త్రాగి ఏడ్చెను. ఏడ్చుచు మాటాడుట మొదలుపెట్టెను. ఆ రాత్రి అంతయు మాటాడుచునే యుండెనని మరునాడు ఆయా చెప్పినది. తెల్లవారకముందే కుమారుడు చనిపోయెను. ఆ రాత్రి ఆ తల్లి తన కుమారుని గూర్చి ఏమి చెప్పెనో నేనెరుగను. "నువ్వేమి అన్నావమ్మా ఆమెతోటి?" అని నేను ఆయాను అడిగితిని. "ఏమంట అయ్యగారూ, నీళ్లు తాగుతవా, తిన్నవా అని అడిగిన. నాకు గోండి శానా రాదు" అని ఆమె అనెను.

కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు, తాను వారందరికంటె ఎక్కువగా భాషలతో మాటాడువాడనని మొదట చెప్పి, ఆ వెంటనే సంఘములో భాషతో పదివేల మాటలు పలుకుటకంటె ఇతరులకు బోధ కలుగునట్లు అయిదు మాటలు పలుకుట తనకు మేలని చెప్పుచున్నాడు. ఆ మాటలమీద నేను ఎన్ని ప్రసంగములు చేసియుందునో. అయిదు మాటలనగా ఏవో నేను ఆ వార్డులో చూచితిని. అవి నా నోట లేవు.

కాబట్టి ఆ బిడ్డ ప్రశ్నను మరల మొదటినుండి ఎత్తుకొందము. ఎన్ని భాషలు చాలునని అడుగువాడు సాధారణముగా సంచి పట్టుకొని అంగడికి పోయినవానివలె అడుగును. సంచిలో ఎన్ని పట్టును? దేనికి ధర ఎక్కువ? పౌలు రోమా సంఘమునకు వ్రాయుచు, గ్రీసు దేశస్థులకును కానివారికిని, జ్ఞానులకును మూఢులకును తాను ఋణస్థుడనని చెప్పుచున్నాడు. ఋణము మాట వచ్చునప్పటికి లెక్క మారిపోవును. అంగడిలో నాకేమి కావలెనని అడుగుదుము. అప్పులో ఎవరికి ఎంత ఇయ్యవలెనని అడుగుదుము. భాషలు ఎన్ని అని గాక, నా గుమ్మము ముందు ఎవరు నిలుచున్నారు, వారు ఏ భాషలో ఏడ్చుదురు అని అడిగినయెడల, రెండు చాలునన్న నా జవాబు ఎంత తొందరపాటుదో తెలియును.

అయితే ఇంతలోనే "అట్లయితే అందరి భాషలును నేర్వవలెనా?" అని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మన మందమర్రిలోనే తెలుగు, హిందీ, ఉర్దూ, లంబాడీ, మరాఠీ, గోండి, కొలామీ వినబడును. బాయిలో పని చేయుటకు దూర దేశమునుండి వచ్చినవారి భాషలు వేరు. లోకములో సుమారు 7,000 భాషలున్నవని పండితులు లెక్కించిరి. ఏ మనుష్యుని ఆయుష్కాలము దానికి చాలును?

ఇక్కడ లుస్త్రలో జరిగినదానిని చూడుడి. పౌలునకు హెబ్రీ వచ్చును, గ్రీకు వచ్చును. యెరూషలేములో సైనికులు ఆయనను పట్టుకొనినప్పుడు సహస్రాధిపతితో గ్రీకు మాటాడి, మెట్లమీద నిలిచి జనులతో హెబ్రీ భాషలో మాటాడగా వారు మరి నిశ్శబ్దముగా వినిరి. ఎవరితో ఏది మాటాడవలెనో ఎరిగినవాడు. అట్టివాడు లుస్త్రలో కుంటివానిని లేపినప్పుడు జనులు లుకయోనియ భాషలో కేకలు వేసిరి. దేవతలు మనుష్య రూపము తాల్చి తమయొద్దకు దిగివచ్చిరని వారు అరచుచుండగా పౌలు బర్నబాలు ఊరకుండిరి. పూజారి ఎడ్లను పూలదండలను తెచ్చి బలి అర్పింపబోవు వరకు వారు వస్త్రములు చింపుకొనలేదు. ఎందుకు? ఆ కేకలు వారికి అర్థము కాలేదని అనుకొనుటయే సరియని నాకు తోచుచున్నది. అంత గొప్ప అపొస్తలుడును ఒక కొండ ప్రాంతపు భాష యెదుట, ఆస్పత్రి వార్డులో నేను నిలిచినట్లు నిలిచెను.

ఆయన ఆ తరువాత లుకయోనియ భాష నేర్చెనని ఎక్కడను వ్రాయబడలేదు. కాని 16వ అధ్యాయములో ఆయన మరల లుస్త్రకు వచ్చినప్పుడు అక్కడి యౌవనస్థుని ఒకని తన వెంట తీసికొనెను. ఆ యౌవనస్థుడు తిమోతి. తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ ఊరిలో పెరిగినవానికి ఆ ఊరి మాట వచ్చియుండును. బహుశా పౌలు తన నోటితో తీర్చలేని అప్పును ఒక స్నేహితుని నోటితో తీర్చుకొనెను. ఇది నా ఊహయే గాని వాక్యము కాదు. అయినను తన వలన కానిదానికి సహాయకుని వెదకుట ఒక పద్ధతి, వలన కాదు గనుక ఆ మనుష్యులే లేరన్నట్లు నడచిపోవుట మరియొక పద్ధతి. నేను ఇన్నాళ్లు నడిచినది ఈ రెండవ పద్ధతిలో.

మన చేతిలోనున్న తెలుగు బైబిలు చరిత్రలోను ఈ ప్రశ్న కలదు. బెంజమిను షుల్జ్ అను జర్మను మిషనెరీ మద్రాసులో నుండి, తమిళము, తెలుగు, హిందుస్థానీ మూడును నేర్చెను. హిందుస్థానీకి వ్యాకరణము కూడ వ్రాసెను. తెలుగులో క్రొత్త నిబంధనను 1727 నాటికే ముగించి, పాత నిబంధనకును పూనుకొనెను. అది అచ్చుకు రాలేదు. ఏ తెలుగు గుడిసెలోను ఎవరును దానిని చదువలేదు.

తరువాత 1805లో లండన్ మిషనువారు క్రాన్, దే గ్రాంజ్ అను ఇద్దరిని విశాఖపట్టణమునకు పంపిరి. వారు ఒక్క తెలుగునే పట్టుకొనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణుడు క్రైస్తవుడై వారికి తోడుగా నిలిచెను. 1809లో క్రాన్, 1810లో దే గ్రాంజ్ మరణించిరి. వారి సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. వారిద్దరును ఆ అచ్చు పుస్తకమును కన్నులార చూడలేదు.

ఆ శ్రీరాంపూరులోనే విలియం కేరీ యుండెను. ఎన్ని భాషలు చాలునను ప్రశ్నకు లోకములో ఎవరైనను నిదర్శనమైనయెడల ఆయనయే. ఆయనయు ఆయన సహచరులును, పండితులతో కలిసి, బైబిలును గాని దాని భాగములను గాని సుమారు 40 భాషలలోనికి తెచ్చిరి. 1812 మార్చిలో వారి ముద్రణాలయమునకు నిప్పంటుకొనెను. ఎన్నో చేతివ్రాతలు కాలిపోయెను. వాటిలో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము కూడ నుండెను. ఆయన మరల కూర్చుండి వ్రాసి, 1814లో దానిని "తెలింగాణ భాష" వ్యాకరణమను పేరున వెలువరించెను. మన తెలంగాణ పేరు ఆ పుస్తకపు అట్టమీద నున్నదని తెలిసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచెను. అయితే సత్యము చెప్పవలెను. ఆ 40 భాషల అనువాదములలో అనేకము తరువాతివారు మొదటినుండి మరల చేయవలసి వచ్చెను. శ్రీరాంపూరువారి తెలుగు క్రొత్త నిబంధన 1818లో వచ్చినను, మన సంఘములలో వేరూనినది విశాఖపట్టణపు పరంపరలోని అనువాదమే.

కేరీ చేసినది తప్పా? అట్లు నేననను. ఒక్క గదిలో కూర్చుండి 40 ద్వారములు తట్టినవాడు ఆయన. ఒక్క ద్వారముయొద్ద నిలిచి, అది తెరువబడువరకు తట్టినవారు విశాఖపట్టణమువారు. నన్ను ఏరుకొనుమన్నయెడల నేను రెండవ గుంపులో నిలుతును. కాని అందరును నావలె అనుకొనినయెడల ఆ 40లో కొన్ని భాషలకు మొదటి పుస్తకము ఇంకొక నూరేండ్లకు గాని వచ్చియుండదు. ఇది తేలిక లెక్క కాదు.

మన ప్రాంతములో మరియొక మాదిరి కలదు. వేదనాయకం శామ్యూలు అజరయ్య తమిళుడు, తిరునెల్వేలివాడు. 1909లో దోర్నకల్‌కు మిషనెరీగా వచ్చి, ముప్పదియైదేండ్ల వయసులో తెలుగు నేర్చెను. సింగరేణి బొగ్గుకై ఇల్లెందుకు చీలిన రైలు దారి మొదలగునది ఆ దోర్నకల్‌లోనే. 1912 డిశెంబరు 29న ఆంగ్లికను సభలో మొదటి భారతీయ బిషప్పుగా కలకత్తాలో అభిషేకింపబడెను. 1945 జనవరి 1న చనిపోవువరకు ఆయన పని తెలుగువారి మధ్యనే. ఇంగ్లీషు గొప్పగా వచ్చినవాడు. ఆ ఇంగ్లీషుతోనే పెద్ద పట్టణములో గౌరవముగా బ్రతుకవచ్చును. వయసు మీరిన తరువాత, పేదల భాషకు విద్యార్థియై కూర్చుండెను. నాకు ఇప్పుడు నలుబదియారేండ్లు. వయసు మీరినదని నేను చెప్పుకొనుచున్న సాకు ఆయన యెదుట నిలువదు.

ఇంకొక సంగతి కలదు. దానిని చెప్పకుండ విడిచిపెట్టినయెడల ఈ వ్యాసము సగమే యగును. ఎవరు ఎవరి భాష నేర్చుచున్నారు? ఆదిలాబాదు అడవులలోని గోండు సహోదరుని చూడుడి. ఇంట గోండి, సంతలో మరాఠీ, కచ్చేరిలో తెలుగు, లారీవానితో హిందీ. నాలుగు భాషలు. అతనికి సంతకము రాదు గనుక మనము అతనిని చదువురానివాడని యందుము. అతనికి అర్జీ వ్రాసిపెట్టు గుమాస్తాకు ఒక్కటే భాష. అతడు చదువుకొన్నవాడు. నా అయిదు భాషలు నా ధ్రువపత్రములలో వ్రాయబడియున్నవి. గోండు సహోదరుని నాలుగింటిని ఎవరును వ్రాయలేదు. ఎల్లప్పుడు బలహీనుడే బలవంతుని భాష నేర్వవలెను. తప్పు పలికినయెడల నవ్వబడువాడును అతడే.

2011 జనాభా లెక్కలలో గోండి తమ మాతృభాష అని చెప్పినవారు దేశములో దాదాపు 30 లక్షలు, కొలామీ చెప్పినవారు లక్షా 28 వేలు. ఆ భాషలు మనకు పరాయివి కావు. కన్ను వారికిని "కన్", చేయి "కయ్", పాలు "పాల్". తిరునెల్వేలిలో మిషనెరీగా నుండిన కాల్డ్వెల్ 1856లోనే తన ద్రావిడ భాషల వ్యాకరణములో తెలుగు తమిళముల ప్రక్కను గోండిని గూడ కుటుంబ సభ్యురాలిగా నిలిపెను. అంతకు కొంచెము ఇటు అటుగా నాగపూరులో స్టీఫెన్ హిస్లప్ అను స్కాట్లండు మిషనెరీ గోండుల పాటలను, మాటలను సేకరించుచుండెను. ఆయన రాళ్లను, భూమి పొరలను పరిశోధించినవాడు కూడ. బొగ్గు ఊరివారమైన మనకు అది గుర్తుండదగినది. 1863లో నీటి ప్రవాహము దాటుచు మునిగి చనిపోయెను. ఆయన కాగితములను ఇతరులు 1866లో అచ్చు వేసిరి. నైజాము కాలములో, 1940లో కుమ్రం భీము చంపబడిన తరువాత, ఈ అడవులకు వచ్చిన హైమన్‌డార్ఫ్ పండితుడు 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టించి, గోండిలో వాచకములు చేయించెను. గుంజాల గ్రామములో దొరికిన చేతివ్రాతలలోని గోండి లిపికి 2018లో కంప్యూటరు అక్షరముల పట్టికయైన యూనికోడ్‌లో స్థానము దొరికెను. ఇవన్నియు మన ఇంటికి ఒక పగటి ప్రయాణములో జరిగినవే. మనలో ఎందరము ఎరుగుదుము?

మందమర్రి స్టేషనులో పలకమీద ఊరి పేరు మూడు భాషలలో నున్నది. సిలువమీద పిలాతు వ్రాయించిన పలక కూడ మూడు భాషలదే, హెబ్రీ, గ్రీకు, రోమా. మూడు భాషలు చదువగలవారు అక్కడ నిలిచియుండిరి. ప్రభువు తన చిన్ననాటి భాషలో కేక వేసినప్పుడు మాత్రము దగ్గర నిలిచినవారు ఏలీయాను పిలుచుచున్నాడనుకొనిరి.

భాష నేర్చుటయే ప్రేమ యని కూడ నేను చెప్పను. యెషయా 36వ అధ్యాయములో అష్షూరు రాజు పంపిన రబ్షాకే యూదుల భాష చక్కగా మాటాడెను. గోడమీది జనులకు అర్థము కాకుండ సిరియా భాషలో మాటాడుమని హిజ్కియా మనుష్యులు బ్రతిమాలుకొనిరి. వాడు మరింత గట్టిగా యూదుల భాషలోనే కేక వేసెను, జనులు భయపడవలెననియే వాడు వచ్చెను గనుక. మన అడవి పల్లెలకు వడ్డీ అప్పులిచ్చుటకు వెళ్లినవారిలోను గోండి చక్కగా వచ్చినవారు లేకపోలేదు.

భాషను కేవలము ధర చూచి కొన్నవారి సంగతియు మన పెద్దలు ఎరుగుదురు. నైజాము రాజ్యములో కొలువు కావలెనన్న ఉర్దూ రావలెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో పాఠములే ఉర్దూలో. తల్లిదండ్రులు పొలము అమ్మి పిల్లలకు ఉర్దూ చెప్పించిరి. 1948లో రాజ్యము మారెను, 1956లో రాష్ట్రము మారెను, ఆ చదువు ధర పడిపోయెను. మా తాతగారి యన్న అట్లు చదివినవాడే. ఆయన నాకు బాల్యములో కనిపించినది, ఊరివారి పాత భూమి కాగితములు చదివిపెట్టు ముసలివానిగా. కొలువు పోయినను ఉర్దూ ఆయనను విడువలేదు. ప్రక్కింటి సాయెబుగారితో సాయంకాలము అరుగుమీద ఆ భాషలో నవ్వుకొనుచుండెడివాడు. కొలువు కొరకు నేర్చినది కొలువుకంటె ఎక్కువ కాలము నిలిచినది.

గల్ఫుకు పోయి పండ్రెండేండ్లు ఉండి వచ్చిన సహోదరుడొకడు లక్సెట్టిపేట వైపున కలడు. అరబ్బీ, హిందీ, మలయాళము, కొంచెము బెంగాలీ వచ్చును. "పనికి అయిదొస్తయి అయ్యగారూ, కష్టం చెప్పుకోనికి ఒక్కటే" అని నాతో అనెను. ఆ మాట విన్న దినమునుండి నేను భాషలను లెక్కించుటలో ఇంకొక గీత గీసికొంటిని. పనికి వచ్చు భాష వేరు. ఎదుటివాడు తన కష్టము చెప్పుకొనగలంత వచ్చిన భాష వేరు. మొదటి రకము ఎన్నియైనను కూడబెట్టవచ్చును. రెండవ రకము ఒక మనుష్యుని జన్మలో రెండో మూడో, అదృష్టవంతునికి నాలుగో. ఆ రెండవ రకమునకు ఏండ్లు పట్టును. దానియేలునకు బబులోను ఆస్థానమువారు కల్దీయుల విద్యయు భాషయు నేర్పుటకు మూడు సంవత్సరములు పెట్టిరి. రాజు ఇంటి భోజనము పెట్టి నేర్పినను అంత కాలము కావలెను. ఆరు నెలలలో జపాను అని బోర్డు కట్టువారిని నేను నమ్మను.

మరుసటి వారము ఆ బిడ్డను పిలిపించి, నా మొదటి జవాబును వాపసు తీసికొంటినని చెప్పితిని. "ఎన్ని అని నన్ను అడుగకు. నీవు ఎవరి మంచము ప్రక్కను నిలువబోవుచున్నావో అది చెప్పు" అంటిని. జర్మనీలో ఆస్పత్రి పనికి సాధారణముగా బి-2 మెట్టు వరకు భాష రావలెనని ఆమెయే నాకు వివరించెను. మన తెలంగాణ ప్రభుత్వపు టాంకామ్ సంస్థ కూడ నర్సులకు జర్మను, జపాను రెండును నేర్పించుచున్నదట. ఆ మెట్టు పరీక్ష కొరకని ఆమె అనుకొనుచుండెను. నేను ఆస్పత్రి వార్డు సంగతి, ఆ గోండు తల్లి సంగతి ఆమెకు చెప్పితిని. రేపు రాత్రి రెండు గంటలకు అక్కడ ఒక వృద్ధుడు లేచి, నొప్పి ఎక్కడనో తన చిన్ననాటి మాటలో గొణుగును. పరీక్షలో ఆ గొణుగుడు ఉండదు. అది వినబడునంతవరకు జర్మను నేర్చుకొనుము, ఆలోగా రెండవ దుకాణము చూడకుము, అని చెప్పితిని. జపానులోను వృద్ధులున్నారు, వారికిని నొప్పి యున్నది. అయితే నీవు మాట యిచ్చి సగము నడిచినది ఈ దారిలో. ఆమె జపాను మాట విడిచిపెట్టినది. నేను చెప్పినందుననో, ఫీజు చూచియో, అది ఆమెకే తెలియును.

నా సంగతి. కాసిపేట వైపునుండి వచ్చి మన ఊరిలో వాచ్‌మను పని చేయుచున్న గోండు సహోదరుని ఒకని అడిగితిని. బుధవారము ప్రార్థన కూటము తరువాత అతడు గంటసేపు వచ్చి నాకు నేర్పుచున్నాడు. మొదట అతడు నమ్మలేదు. "మీకెందుకయ్యగారూ? మాకు తెలుగు వస్తది గదా" అనెను. అతనికి వచ్చును. అతని తల్లికి రాదు. ఇప్పటికి నాకు వచ్చినవి నలుబది మాటలుండవచ్చును. తెలుగు అక్షరములలో వ్రాసికొని చదివినప్పుడు అతడు నవ్వును. నేను పలికినది గోండి కాదట, తెలుగువాడు గోండి పలికినట్లున్నదట. నా జన్మలో నా ఉచ్చారణకు ఒక పేదవాడు నవ్వుట ఇదే మొదలు, అది ఒంటికి మంచిదే. ఈ నలుబదిలో "నీళ్లు త్రాగుదువా, తింటివా" అనుట అన్నిటికంటె ముందు నేర్చితిని. గ్రీకు నిబంధనను కూడ అల్మారా నుండి దించి దుమ్ము దులిపితిని. తెరచి చదువుట మాత్రము ఇంకను జరుగలేదు.

ఆ బిడ్డ బి-1 పరీక్ష గట్టెక్కినది. ప్రతి ఆదివారము ఆమె నాయనమ్మ గుడి మెట్లమీద నన్ను ఆపి, "మనుమరాలు ఆడనే పెండ్లి చేసుకుంటే, దాని పిల్లలు నాతోటి ఏం మాట మాట్లాడుతరు అయ్యగారూ?" అని అడుగును. నెహెమ్యా కాలములో యూదుల పిల్లలలో సగముమంది అష్డోదు మాట మాటాడి తమ మాట మరచిరన్నది నాకు జ్ఞాపకము వచ్చును గాని, దానిని ఆమెతో చెప్పను. బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు ఆమెనే అడుగుమని చెప్పియున్నాను.